ఎర్ర దారం కట్టిన కోడి

ఆమెను ఇంటిల్లిపాదీ "రెండోరోజు పిన్ని" అంటారు. పిల్లలు మొదలుపెట్టిన పేరు, పెద్దల నోట్లోనూ నానిపోయింది. ఒకప్పుడు ఆ పిలుపు వింటే ఆమె ముఖం విప్పారేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే చెవుల దాకా వేడెక్కుతుంది, ఏదో పనున్నట్టు పక్కకి తిరుగుతుంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆమె దర్జీ. కానీ కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టదు. అపార్టుమెంటు మెట్ల కింద ఒక కుట్టుమిషనూ ఒక స్టూలూ పట్టేంత జాగా ఆమె కొట్టు. వదులైన చొక్కాలు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, అన్నకి పొట్టిదైపోయిన ప్యాంటును తమ్ముడికి నిక్కరుగా మార్చడం, చిరిగిన దుప్పట్లోంచి రెండు దిండు గలీబులు తీయడం, ఇదీ ఆమె పని. "కొత్తది కుట్టి పెట్టండి" అని ఎవరైనా అడిగితే "ఆ వీధి చివర ఇంకో కొట్టుంది, అక్కడికి వెళ్ళండి" అంటుంది. మచ్చలేని గుడ్డ ఎదురుగా పరిస్తే ఆమెకు చేతులాడవు. ఎవరో ఒకసారి కత్తిరించి, కుట్టి, వాడి, పక్కన పడేసినదాన్ని చూస్తేనే బుర్ర పాదరసంలా పరిగెడుతుంది.

వంటలోనూ ఇదే వరస. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె వండిన అన్నం అడుగున మాడేది, పైన పలుకుగా ఉండేది. రెండూ ఒకే గిన్నెలో సాధించడం అందరివల్లా కాదు. బస్సు డ్రైవరైన మొగుడు పాపం నోరెత్తకుండా తిని, రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కువ తాగి డ్యూటీకి పోయేవాడు.

తోడికోడలి సంగతి వేరు. ఆవిడ ఈమెకంటే పన్నెండేళ్ళు పెద్దది. "అక్కా" అని పిలుస్తుంది ఈమె. అక్క కొలతగిన్నె ముట్టుకోదు, గడియారం చూడదు. చేత్తో తీసి వేస్తుంది, వాసన చూసి దింపుతుంది. ఏడాది చివరి సెలవుల్లో కుటుంబమంతా అక్క ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి చేరడం వాళ్ళకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఎంతమంది వచ్చినా, చెప్పాపెట్టకుండా ఇంకో ఇద్దరు దిగబడినా, అక్క చెయ్యి తడబడేది కాదు. "మా ఇంట్లో 'అయిపోయింది' అనే మాట వినపడదమ్మా" అనేది. గొప్పకి కాదు, ఉన్నమాటే.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సెలవుల భోజనం మర్నాడు, వాన పట్టుకుని ఊరెళ్ళలేక చుట్టాలంతా ఈమె ఇంట్లో చిక్కుకుపోయారు. ఇంట్లో ఏమీ లేదు. ముందురోజు అక్క కట్టి ఇచ్చిన మిగులు మాత్రం ఉంది: మెదిపిన బంగాళాదుంప ముద్ద, నాలుగు కోడిముక్కలు, ఎముకలు, ఉడికించిన క్యారెట్టూ బీన్సూ, గట్టిపడిన రొట్టె, సగం కేకు. ఈమె వాటిని వరసగా బల్ల మీద పెట్టి, విప్పాల్సిన చొక్కాని చూసినట్టు చూసింది. ఎముకల్ని ఉల్లిపాయతో మరగబెట్టి చారుగా దించింది. కోడిని పీచుపీచుగా విడదీసి, దుంప ముద్దలో దాచి, గట్టిరొట్టె పొడిలో దొర్లించి, బిళ్ళలుగా వేయించింది. బీన్సుని సన్నగా తరిగి నిమ్మరసం పిండింది. ఎండిపోయిన కేకుని చిదిపి, జాముతో కలిపి ఉండలు కట్టింది. తిన్నవాళ్ళు వేళ్ళు నాకారు. "నిన్నటికంటే ఇవాళే బాగుంది" అని ఎవరో అన్నారు. ఆ మాటకి ఆమె వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమె గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు మరి.

అప్పట్నుంచి రెండోరోజు భోజనం ఆమె ఇంట్లోనే. ఏటేటా కొత్త పన్నాగం. మిగిలిన గుమ్మడికూరని పిండితో కలిపి రొట్టెలు చేసేది. మిగిలిన అన్నాన్ని గుడ్డుతో కలిపి మూకుడులో అదిమి, మందంగా కాల్చి, కేకులా కోసేది. నిలవ రొట్టెముక్కల్ని పాలల్లో, గుడ్డులో నానబెట్టి, పండ్ల ముక్కలు చల్లి ఓవెన్‌లో పెట్టేది. ఒక ఏడు పచ్చడి జాడీ అడుగున అంటుకున్న ముద్దలో కాస్త నూనె కలిపి బంగాళాదుంపలకి పట్టించింది. దాని కోసం బావగారూ పిల్లలూ పంతాలకి పోయారు. కొట్టుకి వచ్చేవాళ్ళు కూడా "సెలవులయ్యాక ఫ్రిజ్ నిండా మిగిలిపోయిందండీ, ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్ళు. మిషను తొక్కుతూనే చెప్పేది. ఆ పద్ధతిలో వండి చూసి, మెచ్చుకోవడానికే మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇక్కడిదాకా తలదించుకోవాల్సిందేమీ లేదు.

నాలుగేళ్ళ కిందట ఒక చిత్రం జరిగింది. ఆ ఏడు అక్క వంట మరీ బాగా కుదిరింది. గిన్నెలన్నీ ఊడ్చేశారు. రెండోరోజుకి మిగిలింది గుప్పెడు బీన్సు. ఈమె చారు కాచింది, రొట్టె వేయించింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ అక్క కూతురు నవ్వుతూ "రెండోరోజు పిన్ని షాపు మూసేసినట్టుంది" అంది. ఆ పిల్ల మనసులో ఏమీ లేదు, ఉత్త సరదా. ఈమెకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఏడాదికి ఒక్క పూట తనది అనుకున్నది కాస్తా చేజారిపోయినట్టు బెంగ పెట్టుకుంది.

మరుసటేడు సాయానికని పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళి, ఎవరూ చూడకుండా నాలుగు కోడిముక్కలు డబ్బాలో వేసుకుంది. ఎలాగూ మిగిలేవే కదా, ముందే తీశాను, అంతే కదా అని సర్దిచెప్పుకుంది. నేను తినేది కాదుగా, రేపు వీళ్ళే తింటారుగా అనుకుంది. బట్ట కుట్టేటప్పుడు లోపలి కుట్టుకని కాస్త గుడ్డ వదులుతారే, అలాంటిదే ఇది అని కూడా అనుకుంది. తప్పు చేసేవాళ్ళకి పోలికలకి కొదవుండదు. ఆ పైయేడు ముక్కలు పెరిగాయి. పోయినేడు గిన్నెడు కూర. ప్రతిసారీ బల్ల దగ్గర చివరివాళ్ళకి కాస్త తగ్గేది. అక్క నొసలు చిట్లించి, గిన్నెలోకి చూసి, గరిటె తిప్పి, తన కంచంలోది తీసి వాళ్ళకి వేసేది. ఈమె చూసేది, చూపు తిప్పుకునేది.

ఈ ఏడు అక్క కూతురికి పెళ్ళయింది. కొత్తగా ఆ పిల్ల అత్తగారు భోజనానికి వస్తున్నారు. ఆవిడ బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, చూపులోనే మార్కులు వేసే రకం. రెండోరోజు ఈమె ఇంటికీ వస్తానని కబురు పెట్టారు. ఆ కబురు విన్నప్పట్నుంచీ ఈమెకి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ రోజు పది గంటలకి అక్క ఇంటికి వెళ్ళేసరికి అక్క స్నానానికి వెళ్ళింది. ఓవెన్‌లో రెండు కోళ్ళు కాలుతున్నాయి. దాంట్లో రెండే పడతాయి కాబట్టి మూడోదాన్ని అక్క తెల్లవారుజామునే కాల్చి, గట్టు మీద పళ్ళెంలో పెట్టి, గుడ్డ కప్పింది. ఈమె గుడ్డ ఎత్తి చూసింది. చిన్న కోడే గానీ బంగారు రంగు తిరిగి ముద్దొస్తోంది. కాళ్ళు విడిపోకుండా ఎప్పుడూ తెల్ల దారంతో కట్టే అక్క, ఈసారి ఎర్ర దారంతో కట్టింది.

గిన్నె కోసం అలమర తెరిస్తే తలుపు లోపలివైపు చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. "పొయ్యి ఆపావా?" "తాళం ఎక్కడ?" "కూరలో ఉప్పు ఒక్కసారే." అక్క చేతిరాతే. ఈమెకి నవ్వొచ్చింది. పెద్దావిడకి కొత్త చాదస్తం పట్టుకుంది అనుకుంది.

రెండు కాళ్ళు మాత్రం కోసుకుందామని కత్తి తీసింది. అంతలో బయట కారు హారను మోగింది. అరగంట ముందే దిగారు వియ్యాలవారు. కంగారులో కోడిని మొత్తంగా ఎత్తి తన పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి మూత నొక్కింది. ఆనక వీలు చూసి సగం బయట పెడదాంలే అనుకుంది. పళ్ళెం జిడ్డుగా ఉంటే, అలవాటు కొద్దీ కడిగి బోర్లించింది. గుడ్డ మడిచి పెట్టింది. డబ్బా సంచిలో పెట్టి, సంచి గట్టు కిందికి తోసింది. ఆ తరవాత వంటిల్లు ఒక్క నిమిషం ఖాళీ లేదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, అక్క అక్కణ్ణుంచి కదిలితేగా.

బల్ల చుట్టూ పదమూడుమంది కూర్చున్నారు. రెండు కోళ్ళూ కోసి తెస్తే తొమ్మిదో కంచానికే పళ్ళెం ఖాళీ కావచ్చింది. మర్యాదకి చివర వడ్డించుకుంటామని కూర్చున్న వియ్యపురాలి వంతు వచ్చేసరికి ఒక మెడముక్కా, ఒక రెక్కా ఉన్నాయి.

"ఒక్క నిమిషం వదినగారూ, లోపల ఇంకోటుంది" అని అక్క నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. రాలేదు. ఈమె వెనకే వెళ్ళింది.

అక్క మడతపెట్టిన గుడ్డని చేత్తో పట్టుకుని గట్టు ముందు నిలబడి ఉంది.

"పొద్దున ఒకటి కాల్చాను కదే?"

ఈమె చూపు గట్టు కింది సంచి మీదికి పోయింది.

"చీకటితోనే లేచాను. తెల్ల దారం అయిపోయింది. కుట్టుపెట్టె వెతికి ఎర్ర దారం తీసి కట్టాను. కట్టినట్టు గుర్తుంది నాకు." అక్క బోర్లించిన పళ్ళేన్ని తిప్పి చూసింది. తళతళలాడుతోంది అది. "పళ్ళెమన్నా జిడ్డు కాలేదే. కాల్చలేదన్నమాట. కల గన్నానా?"

"అక్కా..."

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది. పాలు కాచాను తాగండర్రా అంటూ ఉత్త గిన్నె చూపించేది. ఆఖరికి నన్నే ఎవరమ్మా నువ్వు అంది." అక్క గొంతు తగ్గించింది. "మూడేళ్ళుగా చూస్తున్నానే. ఎంత వండినా నా లెక్క తప్పుతోంది. ఎవరికీ చెప్పలేదు."

డబ్బా అక్క కాళ్ళకి జానెడు దూరంలో ఉంది. వంగి తీసి పెడితే అయిపోయేది. ఈమె ఆ ఒక్క పనీ చేయలేదు. పక్కగదిలో వియ్యపురాలుంది, అక్క కూతురుంది, పద్దెనిమిదేళ్ళ పేరుంది. చేసిందల్లా ఒక మాట అనడం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తన నాలుక తానే కొరుక్కోవాలనిపిస్తుంది.

"పోనీలే అక్కా, వయసు మీద పడటంలా" అంది.

అక్క ఆ మాట నమ్మింది. తలూపింది. అలమర తెరిచి, పెన్సిలు తీసి, చిన్న కాగితం మీద "కోళ్ళు ఎన్ని?" అని రాసి మిగతా కాగితాల కింద అంటించింది. ఆ తరవాత ముఖం తుడుచుకుని బయటికి వచ్చి, "అయిపోయింది వదినగారూ" అంది.

"అయ్యో, దానికేం. మేం మాంసం ఎక్కువ తినం లెండి" అన్నారు వియ్యపురాలు. ఆ మంచితనం చెంపదెబ్బలాగే తగిలింది అక్కకి.

ఇంటికి వస్తుంటే ఈమె బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఎప్పుడో చల్లారిపోయింది అది, అయినా ఒళ్ళు కాలుతున్నట్టే ఉంది. ఇంటికొచ్చాక మొగుడు సంచి అందుకుని, "కోడి అయిపోయిందన్నారుగా, ఇదేంటోయ్ ఇంత బరువు?" అంటూ మూత తీశాడు. కాసేపు చూశాడు. మళ్ళీ మూత పెట్టాడు.

"రేపు దీన్నేం చేస్తావు?"

చెప్పాలంటే ఏడు మార్గాలున్నాయి. పీచుతీసి బిళ్ళల్లో దాచొచ్చు, చారులో కలిపేయొచ్చు, రొట్టెల మధ్య పొరలుగా పరవొచ్చు. అన్నీ క్షణంలో కళ్ళముందు మెదిలాయి.

"ఎవరూ పోల్చుకోలేరులే. నీకది బాగా వచ్చుగా" అన్నాడు ఆయన, చొక్కా విప్పుకుంటూ. ఆయన మెచ్చుకున్నాడో దెప్పాడో ఆయన ముఖం చూస్తే తెలిసేది. ఆమె తలెత్తితేగా చూడటానికి.

పొద్దువాలుతుండగా అక్క ఫోను చేసింది. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నానే. పిల్లకి చెప్పకు, కంగారుపడుతుంది. ఇంకో మాట. వచ్చే ఏడాది నుంచి మొదటిరోజు వంట కూడా నువ్వే చేసెయ్. నా చేతిని నేను నమ్మలేను." అక్క పెట్టేశాక కూడా ఈమె ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

మర్నాడు పొద్దున వంటింట్లో బంగాళాదుంప ముద్ద బిళ్ళలైంది. బీన్సులో నిమ్మరసం పడింది. రొట్టెముక్కలు పాలల్లో నానాయి. వాటికి సిగ్గుపడక్కర్లేదు, అవి నిజంగా మిగిలినవే. కోడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కత్తి మూడుసార్లు తీసింది, మూడుసార్లు పెట్టేసింది. చేతికందిన ప్రతిదాన్నీ విప్పి, కోసి, ఇంకోటి చేసే మనిషి ఆ కోడిని ఏమీ చేయలేకపోయింది. దారం కూడా విప్పలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఓవెన్‌లో పెట్టి వెచ్చచేసింది.

అందరూ వచ్చి కూర్చున్నారు. అక్క నిన్నటికి ఇవాళ్టికి పదేళ్ళు పైబడినట్టుంది. కుర్చీ లాక్కోవడానికి కూడా ఇది నాదేనా అన్నట్టు చూసుకుంది. "ఏం చేశారు రెండోరోజు పిన్నిగారూ?" అన్నారు వియ్యపురాలు హుషారుగా. ఆవిడకి కూడా ఆ పేరు చేరిపోయింది.

ఆమె వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి సరిగ్గా అక్క ముందు పెట్టింది. కోయని కోడి, కాళ్ళకి ఎర్ర దారం.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అక్క ఒక్కతే లేచి నిలబడింది. వేలితో ఆ దారాన్ని ముట్టుకుంది.

"నేనే తీశాను" అంది ఆమె. "నిన్న పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తీశాను. పళ్ళెం కూడా నేనే కడిగాను. ఇవాళ్టికి వండటానికి ఉండదేమోనని. నీకేమీ కాలేదక్కా. నువ్వు మూడు కాల్చావు."

అక్క కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. వియ్యపురాలు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా దించారు. మొగుడు తన కంచంలోకి చూసుకుంటున్నాడు. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది ఆమెకి. అక్క తిడుతుందని, కొట్టినా కొడుతుందని ఎదురుచూసింది. అదే మేలనుకుంది కూడా.

అక్క తిట్టలేదు. వంగి ముడి విప్పింది. దారాన్ని వేలికి చుట్టుకుంది. "కట్టాను. చూశారా, కట్టాను" అంది ఎవరితోనో. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. ఒక కాలు విరిచి వియ్యపురాలి కంచంలో వేసింది. "తినండి వదినగారూ, ఇది మీకని కాల్చిందే."

ఆ తరవాత ఈమె వైపు తిరిగింది. కోపంగా కాదు, ఆశగా అడిగింది.

"పోయినేడు కూర తక్కువైంది చూడు. అదీ నువ్వేనా?"

"ఆఁ."

"అంతకుముందేడు?"

"ఆఁ."

"ఆ ముందేడు కూడానా?"

"ఆఁ, అక్కా."

ఒక్కో జవాబుకి అక్క ముఖం ఒక్కో మెట్టు తేటపడింది. ఈమె తల అంతకంత కిందికి దిగింది. మూడేళ్ళుగా పోయిందనుకున్న బుర్రని ఎవరో తిరిగి అప్పజెప్పినట్టు అక్క కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి తీసుకుంది.

"అయితే సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదన్నమాట" అంది. "కూర్చోవే, నువ్వూ తిను. చల్లారిపోతోంది."

ఆమె కూర్చుంది. అక్క ఆమె కంచంలో పెద్ద ముక్కే వేసింది.